అన్న గిటార్‌కు సన్న తీగలు వేసుకోవచ్చా?

తిరుపతి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. వయసు 36, ఆసుపత్రిలో నర్సు, నెలలో సగం రోజులు రాత్రి డ్యూటీ. నాలుగేళ్ళ క్రితం వాళ్ళ అన్న కువైట్ వెళ్తూ తన ఎలక్ట్రిక్ గిటార్‌ను ఈమె చేతికిచ్చి వెళ్ళారట. స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) ఆకారం గిటార్. ఆయన మొదటి నుంచీ దానికి లావు తీగల 11-49 సెట్టే వేసేవారు, ఇప్పుడున్నదీ అదే. ఈమె రెండేళ్ళుగా నేర్చుకుంటున్నారు, ఏడాదిగా ఆదివారం చర్చిలో వాయిస్తున్నారు. ఎక్కువగా కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించడం), ఒకటి రెండు పాటల్లో చిన్న లీడ్ (ఒక్కో స్వరంగా వాయించే వరస).

కష్టమల్లా ఎఫ్ కార్డ్ దగ్గర మొదలవుతోంది. అది బార్ కార్డ్, అంటే చూపుడు వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కే పట్టు, రెండు నిమిషాలు పట్టేసరికి బొటనవేలి మొదట్లో నొప్పి. లీడ్‌లో తీగ లాగి స్వరం పైకి తీసుకెళ్ళాల్సిన చోట సగం దూరం కూడా వెళ్ళడం లేదు, శ్రుతి తక్కువగా వినిపిస్తోందని కీబోర్డ్ బ్రదర్ రెండుసార్లు అన్నారట, అది ఈమెకూ తెలుస్తోందట. గంట సాధన చేశాక చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కడం ఈ మధ్య మొదలైంది. సన్న తీగలు వేసుకుంటానంటే టీమ్ లీడర్ బ్రదర్, "9 తీగలు పిల్లలకమ్మా, సౌండ్ పీలగా ఉంటుంది" అన్నారు. అన్నకు ఫోన్ చేస్తే, "నా సెట్టింగ్ మార్చొద్దు, ఆరు నెలల్లో వేళ్ళు అలవాటు పడతాయి" అన్నారు. ఆరు నెలలు ఎప్పుడో దాటాయి. భర్త, ఇంత బాధ పడి వాయించడం ఎందుకు, మానేయమంటున్నారు. క్రిస్మస్ కార్యక్రమం ముందుంది.

ఉత్తరం చివర ఇలా రాశారు: "9 వేయాలా, 10 వేయాలా? సన్న తీగలు వేస్తే అన్న గిటార్ పాడవుతుందా? లేక నా చేతులే దీనికి పనికిరావా? నిజం చెప్పండి, బాధపడను."

అమ్మా, ముందు ఆ చివరి ప్రశ్నకే జవాబు చెప్తాను, మిగతా రెండింటినీ అదే మింగేస్తోంది కాబట్టి. మీ చేతులు పనికొస్తాయి. 11 తీగల మీద రెండేళ్ళు కార్డ్స్ పట్టి, నలుగురి ముందు పాట వెంట వాయించగలుగుతున్న చేతులు అవి. పనికిరాని చేతులైతే మూడో నెలలోనే గిటార్ బీరువా ఎక్కేది.

కానీ తిమ్మిరి సంగతి వేరు. వేలి కొసల మంట, బొటనవేలి మొదట్లో నొప్పి, వేళ్ళ తిమ్మిరి, ఈ మూడింటినీ మీరు ఒకే వాక్యంలో రాశారు. మూడూ ఒకటి కాదు. కొసల మంట చర్మానిది, నాలుగు రోజులు వాయిస్తే గట్టిపడుతుంది, రెండు వారాలు ఆపితే మళ్ళీ మెత్తబడుతుంది. బొటనవేలి మొదట్లో నొప్పి గట్టిగా నొక్కి పట్టడం వల్ల వచ్చే కండరాల అలసట, తీగలూ గిటార్ అమరికా మారిస్తే అది చాలావరకు తగ్గుతుంది. తిమ్మిరి మాత్రం నరానికి సంబంధించింది. చూపుడు వేలు, మధ్య వేలు కలిసి తిమ్మిరెక్కుతున్నాయంటే, రాత్రి నిద్రలో కూడా అలా అవుతోందంటే, మణికట్టు దగ్గర నరం ఒత్తుకుంటోందేమో చూపించుకోవాలని నాకంటే మీకే బాగా తెలుసు. మీరు పనిచేసే చోటే డాక్టర్లున్నారు, ఈ వారమే ఒకసారి చూపించుకోండి. సన్న తీగలు వేస్తే తిమ్మిరి తగ్గుతుందని మాత్రం నేను చెప్పను, ఎందుకంటే ఒకవేళ తగ్గినట్టనిపించి మీరు డాక్టర్ దగ్గరికి వెళ్ళకుండా ఉండిపోతే నా సలహా మీకు చెడు చేసినట్టవుతుంది. అప్పటిదాకా సాధన పదిహేనేసి నిమిషాలుగా విడగొట్టుకోండి. తిమ్మిరి మొదలవగానే గిటార్ కింద పెట్టేయండి, ఆ పాట సగంలో ఉన్నా సరే.

ఇక తీగల లెక్క. 9, 10, 11 అంటున్నామే, అవి మొదటి తీగ, అంటే అన్నిటికంటే సన్న తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. 11-49 లాంటి చోట రెండో అంకె అన్నిటికంటే లావైన ఆరో తీగది. 9కీ 11కీ తేడా అంగుళంలో వెయ్యికి రెండు వంతులు, కంటికి కనిపించదు. అందుకే "ఆ మాత్రం తేడాకేనా" అనిపిస్తుంది. కానీ ఒకే పొడవు తీగను ఒకే శ్రుతికి బిగిస్తే దాని లాగుడు మందాన్ని బట్టి కాదు, మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. స్ట్రాట్ తరహా గిటార్‌లో నట్ (మెడ పై కొసన తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) దాకా తీగ పొడవు ఇరవై అయిదున్నర అంగుళాలు. ఆ పొడవులో మామూలు ట్యూనింగ్‌కు మొదటి తీగ 9 అయితే సుమారు 6 కిలోల బరువుతో లాగుతుంది, 10 అయితే దాదాపు 7.4 కిలోలు, 11 అయితే దాదాపు 9 కిలోలు. అంటే 9 నుంచి 11కి ఒకటిన్నర రెట్లు. ఆరు తీగలూ కలిపితే 9-42 సెట్ 38 కిలోల దగ్గర ఉంటుంది, 10-46 సెట్ 46 దాటుతుంది, మీ 11 సెట్ 50 దాటిపోతుంది. మీ అన్న ఈ బరువు మీద ఏళ్ళ తరబడి వాయించి అలవాటు పడ్డారు. మీరు మొదటి రోజు నుంచే ఆ బరువు మీద అక్షరాలు దిద్దారు.

స్వరం లాగడం సంగతీ ఇదే. ఒక పూర్తి స్వరం పైకి వెళ్ళాలంటే తీగలో ఉన్న లాగుడు ఇంకో నాలుగో వంతుకు పైగా పెరగాలి. 9 తీగకు పెరగాల్సింది ఒకటిన్నర కిలోలు, 11కు రెండుంపావు కిలోలు దాటుతుంది. మీది సగం దూరంలో ఆగిపోవడంలో ఆశ్చర్యమేముంది? అది చెవి లోపం కాదు. తక్కువ పలుకుతోందని మీకే తెలుస్తోందని రాశారు కదా, ఆ తెలియడమే చెవి బాగుందనడానికి గుర్తు.

సన్న తీగలు పిల్లలకన్న మాట నేనూ చాలా చోట్ల విన్నాను, విన్న ప్రతిసారీ కోపం వస్తుంది. అసలు ఈ సన్న సెట్లు ఎలా పుట్టాయో చూడండి. 1960ల దాకా ఎలక్ట్రిక్ గిటార్‌కు దొరికే సెట్లు లావుగా ఉండేవి, మూడో తీగకు కూడా పైన చుట్టు ఉండేది, దాన్ని లాగడం ఎవరి తరమూ కాదు. లాగి వాయించాలనుకున్న వాళ్ళు మొదటి తీగగా బాంజో తీగ తెచ్చి వేసుకుని, సెట్‌లోని తీగలన్నీ ఒక్కో స్థానం కిందికి జరిపి, ఆరోదాన్ని పక్కన పడేసేవాళ్ళు. కాలిఫోర్నియాలో కొట్టు నడిపే ఎర్నీ బాల్ అనే ఆయన, కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఆ లావు మూడో తీగతో పడే అవస్థ చూసి, సన్న సెట్ చేయించి అమ్మడం మొదలుపెట్టాడు. కొన్నవాళ్ళలో నేర్చుకునేవాళ్ళే కాదు, స్టేజీల మీద వాయించే పెద్దవాళ్ళూ ఉన్నారు.

టోనీ అయోమీ సంగతి మీకు తప్పకుండా చెప్పాలి. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా 17 ఏళ్ళ వయసులో మెషీన్ కింద పడి కుడి చేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఆయన ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కాల్సిన చెయ్యి అదే. వేళ్ళకు సొంతంగా తొడుగులు చేసుకున్నాడు, దొరికిన వాటిలో అతి సన్న తీగలు వేశాడు, తర్వాత ట్యూనింగ్ కూడా కిందికి దించాడు. ఆ చేతులతోనే బ్లాక్ సబ్బాత్ బ్యాండ్‌లో వాయించాడు, హెవీ మెటల్ అనే సంగీతానికి మొదటి గిటార్ ధ్వని అదేనంటారు. ఆ ధ్వనిని పీలగా ఉందన్నవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు. అలాగే బిల్లీ గిబ్బన్స్ మొదట లావు తీగలే వేసేవాడు, బి.బి. కింగ్ ఆయన గిటార్ తీసుకుని వాయించి చూసి ఇంత కష్టం ఎందుకు పడుతున్నావని అడిగాక సన్న తీగలకు మారాడు, ఇప్పుడు 7తో మొదలయ్యే సెట్ వేస్తాడు. రెండో వైపు కూడా చెప్పాలి కదా. స్టీవీ రే వాన్ 13 తీగలు వేసేవాడు, ఆ ధ్వని కోసమే. కానీ ఆయన కూడా గిటార్ మొత్తాన్ని అర స్వరం కిందికి దించి వాయించేవాడు, ఈ రెండో సంగతి చెప్పకుండా మొదటిది మాత్రమే చెప్తుంటారు.

మన దగ్గరకు వస్తే, పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు జంట తీగల మాండలిన్‌ను అలాగే ఉంచి గమకాల కోసం వేళ్ళను హింస పెట్టుకోలేదు. ఒంటి తీగలతో, అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు. వాద్యాన్ని చేతికీ సంగీతానికీ తగ్గట్టు మలుచుకోవడం మన సంప్రదాయంలో తప్పెప్పుడూ కాదు. వీణకు తీగలు వేసేవాళ్ళు కూడా శ్రుతిని బట్టే మందం చూస్తారు.

ఇంత చెప్పానని వెంటనే 9 సెట్ కొనేయకండి. ఒక సంగతి తేలాలి. నేను తిరుపతిలో హాస్టల్లో ఉంటూ నేర్చుకునే రోజుల్లో మా మాస్టారు రక్తం వస్తేనే విద్య వస్తుందనేవారు. మూడేళ్ళు నమ్మాను. నాతో మొదలుపెట్టిన ఇద్దరు స్నేహితులు మానేశారు, వాళ్ళకు పట్టుదల లేదనుకున్నాను. తర్వాత ఒక పెద్దాయన నా గిటార్ చూసి, నట్ గాడులు పైకున్నాయని చిన్న ఆకురాయితో పావుగంట పని చేసి ఇచ్చారు. తీగలు అవే, చేతులు అవే, ఎఫ్ కార్డ్ మాత్రం ఆ సాయంత్రమే పలికింది. ఆ ఇద్దరూ ఇప్పటికీ గుర్తొస్తారు. ఆ పావుగంట పని ముందే జరిగి ఉంటే వాళ్ళూ వాయిస్తూ ఉండేవాళ్ళేమో.

కాబట్టి మీ గిటార్‌లో కష్టం తీగలదా, నట్‌దా అన్నది ముందు చూడాలి. చర్చిలో వాయిస్తారు కాబట్టి మీ దగ్గర కేపో (మెడ మీద తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) ఉండే ఉంటుంది. అది పెడితే నట్ చేసే పని అదే చేస్తుంది. ట్యూనింగ్ ఏమీ మార్చకుండా రెండో ఫ్రెట్‌లో (ఫ్రెట్లంటే మెడ మీది అడ్డ కమ్మీలు) కేపో పెట్టి అదే ఎఫ్ ఆకారాన్ని పట్టండి. జి పలుకుతుంది. ఒక్కసారిగా సులువైపోయిందా? అయితే అసలు దోషం నట్‌ది. కొంచెమే సులువైందా, పెద్ద తేడా లేదా, అయితే తీగలదో, మెడ వంపుదో. ఇంకో చూపు కూడా చూడండి: ఒక్కో తీగనూ మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, మొదటి ఫ్రెట్ మీద తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు ఎంతుందో గమనించండి. కాగితం మందం ఉంటే చాలు. విజిటింగ్ కార్డ్ సులువుగా దూరిపోతుంటే నట్ ఎత్తుగా ఉన్నట్టే.

రెండో పరీక్ష నాకు ఇంకా ఇష్టం, రూపాయి ఖర్చు లేదు. ఆరు తీగలనూ ఒక పూర్తి స్వరం కిందికి దించండి, అంటే ఇ ని డి కి, అలా అన్నీ. రెండో ఫ్రెట్‌లో కేపో పెట్టండి. స్వరాలు మళ్ళీ మామూలు ట్యూనింగ్‌కే వస్తాయి గానీ తీగల్లో లాగుడు అయిదో వంతు తగ్గిపోతుంది. మీ 11 మొదటి తీగ ఇప్పుడు 7 కిలోల చిల్లరతో లాగుతోంది, అంటే ఇంచుమించు 10 సెట్ బరువు. మూడు రోజులు ఇలా వాయించండి. 10 వేస్తే చేతికి ఎలా ఉంటుందో కొనకముందే తెలిసిపోతుంది. ఇదే హాయిగా ఉంది అనిపిస్తే 10 దగ్గర ఆగవచ్చు, ఇంకా బరువుగానే ఉందంటే 9 మీకోసమే.

ఒక దారి, ఏమీ కొనకుండా ఈ దించిన ట్యూనింగ్‌నే ఉంచుకోవడం. అన్న తీగలు అన్నవే ఉంటాయి, చేతికి ఊరట వస్తుంది. కానీ పాట పాటకూ కేపో జరపాల్సిన మీకు, రెండు ఫ్రెట్లు ముందే పోయాయి కాబట్టి లెక్క తికమకగా ఉంటుంది, పాడేవాళ్ళు చివరి నిమిషంలో శ్రుతి మార్చమన్నప్పుడు మరీ. నెలో రెండు నెలలో గడపడానికి బాగుంటుంది, శాశ్వతంగా కాదని నా అభిప్రాయం.

10-46 నడిమి దారి. మార్పు చిన్నది, ధ్వని దాదాపు అలాగే ఉంటుంది, లీడర్ బ్రదర్‌కు తేడా తెలియకపోవచ్చు. మొదటి పరీక్షలో నట్ దోషమని తేలి, దాన్ని సరిచేయిస్తే, మీకు 10 చాలు. నట్ బాగానే ఉండి కూడా ఇంత కష్టంగా ఉందంటే మాత్రం 10 వేసుకున్న నెలకే మళ్ళీ నాకు ఉత్తరం రాస్తారు.

9-42 వేస్తే బార్ కార్డ్, స్వరం లాగడం, రెండూ మొదటి రోజు నుంచే తేలికవుతాయి. అయితే దీనికి మూల్యం ఉంది. రెండేళ్ళు 11 మీద నొక్కిన వేళ్ళు అదే బలంతో 9 మీద నొక్కితే తీగ ఫ్రెట్ల మధ్య కిందికి వంగి స్వరం పైకి జరుగుతుంది, ట్యూనర్ సరిగ్గా చూపించినా కార్డ్ అపశ్రుతిగా వినిపిస్తుంది. "ఈ తీగలు శ్రుతి నిలవవు" అని చాలామంది మళ్ళీ లావుకు పోయేది ఇందుకే. నిలవనిది తీగ కాదు, చెయ్యి తేలికపడడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. స్ట్రమ్మింగ్ (తీగలన్నీ కలిపి మీటడం) కూడా అంతే, గట్టిగా కొడితే కొట్టిన క్షణాన స్వరం ఎగిరి దిగుతుంది. పైగా సన్న తీగ తొందరగా తెగుతుంది.

మీరు స్ట్రమ్మింగ్ ఎక్కువ అన్నారు కాబట్టి 9-46 అనే సెట్‌ను కూడా గుర్తుపెట్టుకోండి. కింది మూడు తీగలూ 9 సెట్‌వి, పై లావు మూడూ 10 సెట్‌వి. లీడ్ తేలిక, కార్డ్స్‌కు కింది స్థాయి నిండుతనం కొంత మిగులుతుంది. బార్ పట్టేటప్పుడు 9-42 అంత హాయి ఉండదు. మీ స్థానంలో నేనుంటే, నట్ బాగుందని తేలితే, ఈ సెట్‌తోనే మొదలుపెట్టేవాణ్ణి, తిమ్మిరి గురించి డాక్టర్ జాగ్రత్త చెప్తే మాత్రం ఆలోచించకుండా 9-42. ఇంకా కిందికి 8-38 కూడా దొరుకుతుంది, 11 మీద పెరిగిన కుడిచేతి దెబ్బకు అది ఇప్పుడే వద్దు. ఏ సెట్టయినా మామూలు రకం వెయ్యి రూపాయల లోపే వస్తుంది, కాబట్టి తప్పు ఎంచుకున్నా నష్టం అంతవరకే.

గిటార్ పాడవుతుందా అన్నారు. పాడవదు, కానీ కదులుతుంది. మెడ మీద పదిహేను కిలోల దాకా లాగుడు తగ్గితే, ఇన్నాళ్ళూ ఆ లాగుడుకు ఎదురు నిలబడిన ట్రస్ రాడ్ (మెడ లోపలి లోహపు కడ్డీ) మెడను వెనక్కి నిటారు చేస్తుంది. తీగలు ఫ్రెట్లకు దగ్గరవుతాయి, మొదటి అయిదారు ఫ్రెట్లలో జరజరమని శబ్దం వస్తుంది. కంగారు పడకండి. తీగలు మార్చి ఒక రోజు వదిలేయండి. తర్వాత మొదటి ఫ్రెట్‌నూ, మెడ బాడీలో కలిసే చోటి ఫ్రెట్‌నూ ఒకేసారి నొక్కి పట్టి ఏడో ఫ్రెట్ దగ్గర సందు చూడండి, విజిటింగ్ కార్డ్ మందానికి అటూ ఇటూ ఉండాలి. అసలు సందే లేకపోతే ట్రస్ రాడ్ పావు చుట్టు వదులు చేయాలి. పావు చుట్టుకు మించి ఒకేసారి తిప్పకూడదు, తిరగకపోతే బలవంతం అసలే వద్దు. ఎప్పుడూ చేయలేదంటే తెలిసినవాళ్ళ చేత చేయించండి.

మీ బ్రిడ్జ్ బాడీ నుంచి కొంచెం పైకి లేచి ఉంటుందని రాశారు, అంటే వెనక స్ప్రింగులూ ముందు తీగలూ తూకంలో ఉన్న రకం. తీగల పక్క తేలికైతే స్ప్రింగులు గెలిచి బ్రిడ్జ్ వెనక్కి దిగిపోతుంది, తీగలు కిందికొస్తాయి, మళ్ళీ అదే జరజర. వెనక మూత తీస్తే స్ప్రింగులు తగిలించిన పట్టీకి రెండు పొడవు స్క్రూలుంటాయి, వాటిని కొద్దికొద్దిగా వదులు చేస్తూ, ప్రతిసారీ ట్యూన్ చేస్తూ పోతే బ్రిడ్జ్ పాత చోటికి వస్తుంది. లేదా వాటినే బిగించి బ్రిడ్జ్‌ను బాడీకి ఆనించేయవచ్చు. బ్రిడ్జ్‌ను ఊపి స్వరం కదిలించే కర్ర మీరు వాడరు కాబట్టి రెండోదే మీకు మేలు, మధ్యలో ఒక తీగ తెగినా మిగతా అయిదూ శ్రుతి తప్పవు. తీగలు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి తీయకుండా ఒక్కోటి తీసి ఒక్కోటి వేయండి. ఆఖరున పన్నెండో ఫ్రెట్ స్వరం చూసుకుని బ్రిడ్జ్‌లోని చిన్న జీనులు (ఒక్కో తీగా ఆనే ముక్కలు) ముందుకో వెనక్కో జరపాలి, తీగ మందం మారితే ఆ చోటూ మారుతుంది.

ఇవన్నీ తిరిగి వెనక్కి తిప్పగలిగే పనులే, గమనించారా? పని మొదలుపెట్టే ముందు బ్రిడ్జ్ పక్క నుంచి ఒక ఫోటో, స్ప్రింగుల వైపు ఒక ఫోటో తీయండి, పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగల ఎత్తు స్కేలుతో కొలిచి రాసుకోండి, ట్రస్ రాడ్ ఎంత తిప్పారో కూడా. అన్న వచ్చిన రోజు గంట పనిలో ఆయన గిటార్ ఆయనకు మళ్ళీ తయారు. 11 కోసం కోసిన నట్ గాడుల్లో 9 వదులుగానైనా కూర్చుంటుంది, మామూలుగా ఇబ్బంది రాదు. వెనక్కి తిప్పలేనిది ఒక్కటే, నట్‌ను ఆకురాయితో అరగదీయడం. ఆ ఒక్క పనికి మాత్రం అన్న అనుమతి తీసుకోండి. లేదా ఉన్న నట్ జాగ్రత్తగా తీయించి దాచి, కొత్త నట్ వేయించండి, అది కూడా పెద్ద ఖర్చు కాదు.

అన్నతో ఎలా మాట్లాడాలన్నది నాకు తీగల కంటే కష్టమైన ప్రశ్న. చెప్పకుండా మార్చేయవచ్చు, కువైట్‌లో ఉన్న మనిషికి ఇక్కడి తీగల మందం తెలియదు. కానీ క్రిస్మస్ వీడియో చూసి ఎప్పుడో అడుగుతారు, అప్పుడు విషయం తీగల నుంచి మీ ఇద్దరి మధ్యకు వస్తుంది. ఇంకో గిటార్ కొనుక్కోవచ్చు, మెడ పొడవు తక్కువ ఉండే రకమైతే అదే తీగ ఇంకా మెత్తగా ఉంటుంది కూడా, కానీ మీరు వాయించాలనుకుంటున్నది అన్న గిటార్ అని ఉత్తరం మొత్తం చెప్తోంది. మూడోది, మార్చవచ్చా అని అడగకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పడం. ఆయనకు మీ తిమ్మిరి సంగతి చెప్పారా? ఉత్తరంలో ఎక్కడా చెప్పినట్టు లేదు. "వేళ్ళు నొప్పి" అని మాత్రమే విని ఉంటే ఆయన జవాబు సహజమే, ప్రతి గిటారిస్టూ కొత్తవాళ్ళకు చెప్పే మాటే అది. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి, డాక్టర్‌కు చూపించాను, నీ సెట్టింగ్ కొలతలు రాసిపెట్టాను, నువ్వొచ్చాక నీ 11 నేనే వేసి ఇస్తాను అని చెప్పండి. అప్పటికీ వద్దంటారని నేననుకోను. అన్నా కూడా, ఆయన సెట్టింగ్‌నూ మీ చేతినీ ఎదురెదురుగా పెట్టి చూస్తే నాకు మీ చెయ్యే ముఖ్యం, రోజూ రోగులకు సూది వేసే చెయ్యి అది.

లీడర్ బ్రదర్ మాటలో కొంత నిజముంది. సన్న తీగకు కింది స్థాయి బరువు తగ్గుతుంది, పికప్‌కు (తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగం) అందే శక్తీ తగ్గుతుంది. పికప్‌లను స్క్రూతో కొంచెం పైకి లేపి, యాంప్‌లో బేస్ కాస్త పెంచి, గెయిన్ ఒక గీత జరిపితే చాలావరకు సర్దుకుంటుంది. ఇంట్లో ఒంటరిగా వాయించినప్పుడు పీలగా అనిపించిన గిటార్, బేస్ గిటార్, కీబోర్డ్, డ్రమ్స్ కలిశాక తరచూ ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది, కింది స్థాయి జాగా వాళ్ళది కాబట్టి. ఆయనతో వాదించకండి. కొత్త తీగలు వేసి, ఏమీ చెప్పకుండా ఒక శనివారం ప్రాక్టీసులో వాయించండి. నిజంగా తేడా వినిపించి చెప్తే అది వినదగిన మాటే, అప్పుడు ఇద్దరూ కలిసి యాంప్ దగ్గర కూర్చోండి.

మీవారు మానేయమన్నది మీ బాధ చూసి అన్న మాట, గిటార్ మీద కోపంతో కాదనిపిస్తోంది. రెండు నెలలు గడువు అడగండి.

మారుస్తానంటే నవంబర్ సగంలోపే మార్చండి, క్రిస్మస్ వారంలో అసలు వద్దు. కొత్త తీగలు సాగి నిలవడానికి రెండు మూడు రోజులు, మెడ కుదుటపడడానికి ఇంకొన్ని రోజులు, మీ చెయ్యి తేలికపడడానికి ఆ మూడు నాలుగు వారాలు. మన ఊరి ఉక్కకు చెమట తీగల్ని త్వరగా తినేస్తుంది, వాయించాక పాత కాటన్ గుడ్డతో ఒక్కో తీగా తుడవండి. సెట్‌తో పాటు మొదటి తీగలు విడిగా రెండు కొని గిటార్ కవర్ జేబులో పెట్టుకోండి, తీగ తిప్పే చిన్న పిడి కూడా. డాక్టర్ ఏమన్నారో, కేపో పరీక్షలో ఏం తేలిందో రెండు ముక్కలు రాయండి, ఎదురుచూస్తుంటాను.